రోజీకి బదులు కళావతి

ముందే చెప్పేస్తాను, కళావతి అంటే నాకు అసూయ. కళావతికేమో ఒక కుక్క అంటే అసూయ. ఆ కుక్క పేరు రోజీ.

ఎనభై ఒకటిలో మేము లాల్‌దర్వాజాలో నాగమణమ్మ గారింట్లో కిరాయికి ఉండేవాళ్లం. మధ్యలో బండలు పరిచిన పెద్ద వాకిలి, చుట్టూ నాలుగు గదులు, అందరికీ కలిపి ఒకే నల్లా. ఒక గదిలో నేనూ, మా ఆయన అమరనాథ్. నేను సర్కారు బడిలో టీచర్ని, ఆయన ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల దుకాణంలో గుమాస్తా. మా గోడకు ఆనుకున్న గదిలో దుర్గయ్య, కళావతి. వాళ్లకు పెళ్లై అప్పటికి రెండేళ్లు. దుర్గయ్య ఊరి బయట ఒక సర్కారు ఫ్యాక్టరీలో కాపలా కుక్కల్ని తిప్పే హ్యాండ్లరు. ఖాకీ బట్టలు, నున్నగా పాలిష్ చేసిన బూట్లు. మనిషి మాటకారి కాదు. కుక్క సంగతి ఎత్తితే మాత్రం ఆయన నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

కళావతి ఇంట్లో అగరొత్తులు చుట్టేది. సాయంత్రం ఆ పని ముగించి నా గదికి వచ్చేది. ఒక్కోరోజు వేళ్ల మధ్య ఒక వెంట్రుక పట్టుకుని వచ్చేది. గోధుమ రంగుది, కొస మాత్రం నల్లగా ఉండేది.

"జూడు టీచరమ్మా, ఇయ్యాల గూడ అంగికి మూడు దొరికినయి. ఎద మీదనే ఉన్నయి."

"కుక్క వెంట్రుకలే గదనే."

"ఆడకుక్క గాదా?"

నాకు నవ్వు ఆగేది కాదు. ఆమె మాత్రం నవ్వేది కాదు. రోజీకి ఫ్యాక్టరీ వాళ్లు రోజూ అర కిలో మాంసం, ఒక గుడ్డు, పాలు ఇస్తారని, ఆ మాంసాన్ని దుర్గయ్య తన చేత్తో చిన్న ముక్కలు చేసి పెడతాడని ఆమెకు తెలుసు. ఎట్లా తెలుసంటే, అన్నం తింటూ ఆయనే చెప్పేవాడు. పప్పుచారు పోసుకుంటూ ఆ ముచ్చట ఈమె వినాలి. రోజూ అరగంట సేపు బ్రష్షుతో దాని ఒళ్లు దువ్వుతాడట. "ఇయ్యాల నేను ఏ రంగు రిబ్బను కట్టుకున్ననో కండ్లు మూసుకొని చెప్పమను," అనేది కళావతి. నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్పలేడని నాకూ తెలుసు.

ఇందులో నాకు అసూయ దేనికంటారా? నాకు కోపం తెచ్చుకోవడానికైనా ఎవరూ లేరు. మా ఆయనకు ముందు ఉర్దూ పేపరు, తర్వాత తెలుగు పేపరు, ఆ తర్వాత నిద్ర. పేపరు వెంట్రుకలు రాల్చదు. దాన్ని పట్టుకుని పక్కింటికి వెళ్లి ఏమని ఏడవాలి? కళావతికి తిట్టుకోవడానికి కనీసం ఒక రోజీ ఉంది.

ఆ ఏడు చలికాలంలో ఒక సాయంత్రం దుర్గయ్య బూట్లు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడి కబురు చెప్పాడు. అప్పటిదాకా రోజీని ఇద్దరు చూసుకునేవాళ్లు. పగలు దుర్గయ్య, రెండో షిఫ్టులో బాబురావు. ఒక కుక్కకు ఇద్దరు యజమానులు పనికిరారని కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు తేల్చేశాడట. నెల తర్వాత ఫ్యాక్టరీ వార్షికోత్సవం. ఆ రోజు అడ్డంకుల పరుగు పెడతారు. ఒకే దారిలో రోజీని ఒకసారి బాబురావు, ఒకసారి దుర్గయ్య పరుగెత్తించాలి. ఎవరి చేతిలో తక్కువ టైముకు వస్తే రోజీ వాళ్లది. ఓడినవాడు గేటు డ్యూటీకి పోవాలి.

"గెలిస్తె మస్తుంటది టీచరమ్మా," అన్నాడు దుర్గయ్య. "కుక్కల షెడ్డు పక్కనే రూమిస్తరు. రాత్రి పగలు దాని పక్కనే."

"ఇంటికి?" అంది కళావతి.

"ఆదివారం ఆదివారం వస్త గద."

ఆయన కాళ్లు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లగానే కళావతి నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నవా? దాంతోని కాపురం జేస్తడట. నా ఇంటికి చుట్టం లెక్క వస్తడట," అంది. ఎంతోమంది ఆడవాళ్లు సవతిపోరు పడటం చూశాను గానీ, మొగుడు ఇంట్లో ఉండాలా, షెడ్డు పక్కన ఉండాలా అని ఒక కుక్కతో పోటీ పడాల్సి వచ్చిన ఆడదాన్ని ఆమెనే చూశాను.

అడ్డంకుల దారి ఎట్లా ఉంటుందో నోటీసు బోర్డు మీద గీసి పెట్టారు. దుర్గయ్య దాన్ని సిగరెట్టు పెట్టె అట్ట మీద దింపుకుని తెచ్చాడు. పది అడ్డంకులు. దూకాల్సిన కర్రలు, చెక్క గోడ, ఎక్కి దిగాల్సిన పలక, డ్రమ్ములు కలిపి చేసిన గొట్టం, వంకర్లు తిరుగుతూ దాటాల్సిన గుంజలు. దూకడంలో రోజీకి తిరుగు లేదు, ఇద్దరి చేతుల్లోనూ అది ఒకేలా దూకుతుంది. తేడా అంతా మలుపుల దగ్గరే అని ఆయన నాకు విడమరిచి చెప్పాడు. ఎటు తిరగాలో కుక్క మనిషి ఒంటిని చూసి తెలుసుకుంటుందట. మన భుజం ఎటు తిరిగితే అది అటు వస్తుంది. మనం కొంచెం ఆలస్యంగా తిరిగితే అది నాలుగు గజాలు అవతలికి పోయి మళ్లీ వెనక్కి రావాలి. ఆ నాలుగు గజాల దగ్గరే గెలుపూ ఓటమీ తేలిపోతాయి.

ఫ్యాక్టరీలో రోజీని ఆ దారిలో ఉరికించడానికి ఒక్కొక్కరికి రోజుకు పావుగంటే ఇచ్చారు. అందుకని దుర్గయ్య ఆదివారం పొద్దున మా వాకిట్లోనే కొలువు పెట్టాడు. నాగమణమ్మ గారి రోకలిని రెండు ఇటుకల మీద పెడితే అది దూకే కర్ర. నాలుగు బస్తాలు నిలబెట్టి పైన చాప వేస్తే అది గొట్టం. ఎత్తు పీట గోడ అయింది, బిందెలు గుంజలయ్యాయి. అంతా సర్ది, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అన్నీ అయినయి. కుక్కనే లేదు," అన్నాడు.

"నేను లేనా?" అంది కళావతి.

చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపేసింది. దుర్గయ్య నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆమెను పైనుంచి కిందికి చూసి, "నా ఎడమ దిక్కు నిలబడు," అన్నాడు. పెళ్లైన రెండేళ్లలో ఆయన తనను అంతసేపు చూడటం అదే మొదటిసారని కళావతి తర్వాత నాతో చెప్పింది.

ఇక చూడాలి మా వాకిలి వైభవం. ఆమె రోకలి దూకింది, చాప కింద దూరింది, బిందెల మధ్య మెలికలు తిరిగింది. ఆయన చెయ్యి చూపిస్తే అటు, భుజం తిప్పితే ఇటు. మలుపు బాగా కుదిరినప్పుడు ఆయన అలవాటు కొద్దీ "శభాష్" అని తల నిమిరేవాడు. ఆమె ముఖం వెలిగిపోయేది. నేను కిటికీ దగ్గర బియ్యం ఏరుతూ చూసేదాన్ని. నా కడుపు మండిపోయేది. నిజంగానే మండేది, మాటవరసకు చెప్పడం లేదు. వెనక నుంచి పేపరు తిప్పిన చప్పుడు వినిపించేది. ఒకసారి ఉండబట్టలేక, "మనం గూడ ఎప్పుడన్న గట్ల..." అన్నాను. "ఎట్ల?" అన్నాడు మా ఆయన, పేపరు దించకుండానే. నేను మళ్లీ బియ్యంలో రాళ్లు వెతుక్కున్నాను.

చిక్కంతా ఆరో అడ్డంకి దగ్గర వచ్చింది. గొట్టంలోంచి బయటపడగానే కుక్క గిరుక్కున ఎడమకు తిరిగి గోడ దూకాలి. దాన్ని అట్లా తిప్పడానికి మూడు దారులున్నాయి. ఒకటి, మనిషి బయటి పక్క నుంచే చుట్టూ తిరిగి ఉరకడం. బాబురావు అదే చేస్తాడు. అది చాలా దూరమని దుర్గయ్య మొదట్లోనే పక్కన పెట్టేశాడు. రెండోది, మనిషి గొట్టం మూతి ముందుకు వెళ్లి, కుక్కకు ఎదురుగా తిరిగి, దాని ముఖం చూస్తూ వెనక్కి అడుగులేస్తూ రెండో చేతి వైపుకు పిలుచుకోవడం. మూడోది, కుక్క ఇంకా గొట్టంలో ఉండగానే దానికి వీపు తిప్పి గోడ వైపుకు పరుగు తియ్యడం. అది బయటికి వచ్చి, పోతున్న మనిషిని చూసి వెంటపడాలి. రెండో దాంట్లో కుక్క తప్పిపోయే భయం లేదు. మూడో దాంట్లో, వస్తుందన్న నమ్మకంతో ఉరకాలి.

దుర్గయ్య మొదటిసారి వీపు తిప్పినప్పుడు ఏమైందో నేను కళ్లారా చూశాను. కళావతి చాప కింది నుంచి తల బయట పెట్టింది. మొగుడి వీపు దూరంగా పోతోంది. అంతే, లేచి ఒక్క ఉరుకు ఉరికింది. పీట మీది నుంచి దూకి, ఆగలేక ఆయన వీపుకు గుద్దుకుంది. ఇద్దరూ కలిసి నాగమణమ్మ గారు ఎండబెట్టుకున్న మిరపకాయల మీద పడ్డారు.

నాగమణమ్మ గారు లోపలి నుంచి వచ్చి లొల్లి పెట్టారు. "కుక్కల్ని పెంచొద్దని చెప్పి కిరాయికిచ్చిన. ఇగ మీరే కుక్కలైతిరా?"

దుర్గయ్య కిందపడ్డ మిరపకాయలు ఏరుతుంటే కళావతి చీర దులుపుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"గంత జోరు ఎక్కడికెల్లి వచ్చిందే నీకు?" అని అడిగాను.

"వీపు కనవడితె ఉరుకుడు నాకలవాటే టీచరమ్మా. గుడికి పోయినా, బజారుకు పోయినా ఆయన పది అడుగులు ముందల్నే ఉంటడు. పెండ్లయినకాడికెల్లి నేను జూస్తున్నది గా వీపునే."

చెప్పి నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. ఆమెకేం తట్టిందో నాకూ అప్పుడే తట్టింది. వీపు తిప్పితే కుక్క జోరుగా వస్తుంది. వీపు తిప్పితే దుర్గయ్య గెలుస్తాడు.

మరుసటి ఆదివారానికి దుర్గయ్య నన్ను అడిగి మా బడి డ్రిల్లు సారు దగ్గరున్న స్టాప్‌వాచీ తెప్పించాడు. వాచీ నా చేతికిచ్చి, గొట్టం నుంచి గోడ దాకా రెండు రకాలుగానూ టైము చూడమన్నాడు. ముఖం చూస్తూ వెనక్కి నడిచినప్పుడు కళావతి ప్రాణాలొడ్డి ఉరికింది. ఆరు సెకండ్లు. వీపు తిప్పినప్పుడు చాప కింది నుంచి మెల్లగా పాక్కుంటూ వచ్చి, కొంగు సర్దుకుని, అటూ ఇటూ చూసి, అప్పుడు పరుగందుకుంది. తొమ్మిది సెకండ్లు. మూడుసార్లు చూసినా మూడుసార్లూ అంతే.

"వీపు తిప్పితె ఎటు పోవాల్నో నాకు సమజ్ గాలె," అంది కళావతి ఆయాసపడుతూ. "మొకం జూపెడితెనే మంచిగుంది."

దుర్గయ్య ఆమె పాదాల వైపు కాసేపు చూశాడు. "సరే తియ్," అని రోకలి తీసి గోడకు ఆనించాడు.

ఆ సాయంత్రం ఆమె నా గదిలోకి వచ్చి, "ఎవ్వరికి చెప్పకు టీచరమ్మా, నీ కాళ్లు మొక్కుత," అంది. చెప్పనన్నాను. కానీ ఆ వారంలో రెండుసార్లు దుర్గయ్య గడప దాకా వెళ్లాను. పాపం ఆయనకు నిజం తెలియాలని కాదు. ఆయన గెలిచి షెడ్డుకు వెళ్లిపోతే కళావతి కూడా నాలాగే గోడ చూస్తూ కూర్చుంటుంది కదా అని. ఆ ఊహ నాకు తియ్యగా ఉండింది. రెండోసారి వెళ్లినప్పుడు కళావతి పొయ్యి దగ్గరి నుంచి తల తిప్పి, "రా టీచరమ్మా, ఛాయ్ తాగు," అంది. తాగి వచ్చేశాను.

వార్షికోత్సవానికి ఆడవాళ్లను కూడా రానిచ్చారు. నేనూ కళావతీ షామియానా కింద రెండో వరసలో కూర్చున్నాం. అంతవరకూ ఆమె రోజీని చూడలేదు. దుర్గయ్య దాన్ని పట్టుకుని మా ముందు నుంచి వెళుతూ ఆగాడు. నల్లటి వీపు, గోధుమ రంగు కాళ్లు, నిటారుగా నిలబడ్డ చెవులు. అది ముందుకు వచ్చి కళావతి చీర వాసన చూసి తోక ఊపింది.

"నిన్ను గుర్తువట్టింది," అన్నాడు దుర్గయ్య సంబరంగా.

ఆయన వెళ్లాక కళావతి చీర కుచ్చిళ్లను గట్టిగా దులిపింది. "నన్ను గాదు, నా మీద ఉన్న ఆయన వాసనను గుర్తువట్టింది," అంది. తర్వాత చిన్న గొంతుతో, "గింత సక్కగ ఉంటదనుకోలె," అంది.

ముందు బాబురావు పరుగు. ఆయనది భారీ శరీరం, అనుకున్నట్టే ప్రతి మలుపు దగ్గరా చుట్టూ తిరిగి వచ్చాడు. నలభై ఎనిమిది సెకండ్లని మైకులో చెప్పారు. తర్వాత దుర్గయ్య. మొదటి అయిదు అడ్డంకులూ చూస్తే నాకే ఒళ్లు పులకరించింది. ఆయన భుజం ఇంత కదిలితే చాలు, రోజీ అక్కడ ఉంది. వాకిట్లో నేను చూసిన ఆటే, కళావతి ఉండాల్సిన చోట రోజీ ఉంది. కళావతి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నా మణికట్టు మీద ఆమె గోళ్లు దిగుతున్నాయి.

రోజీ గొట్టంలో దూరింది. దుర్గయ్య మూతి దగ్గరికి వచ్చి, వీపు తిప్పబోయినట్టు ఒక అడుగు గోడ వైపు వేసి, ఆగాడు. మళ్లీ గొట్టం వైపుకు తిరిగి రెండు చేతులూ చాపాడు. రోజీ బయటికి వచ్చి ఆయన ముఖం చూసి, వేగం తగ్గించి, ఆయన వెనక్కి నడుస్తుంటే దాదాపు నడుస్తూనే వెంట వచ్చింది. తర్వాత గోడ దూకింది. మిగతా మూడూ గాలిలా దాటేసింది. నలభై తొమ్మిది సెకండ్లని మైకులో వినిపించింది. ఒక్క సెకండు.

కళావతి ఊపిరి వదిలింది. నవ్వుతోంది కూడా. దుర్గయ్య మోకాళ్ల మీద కూర్చుని రోజీ మెడలో ముఖం దాచుకున్నప్పుడు ఆ నవ్వు పోయింది. బాబురావు వచ్చి భుజం తట్టి, మెల్లగా పట్టీ తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆ తర్వాత దుర్గయ్య రోజూ ఆరింటికల్లా ఇంట్లో ఉండేవాడు. కళావతి కోరుకున్నది సరిగ్గా అదే. గడప మీద కూర్చుని వాకిట్లో బండల్ని చూస్తూ ఉండేవాడు. అన్నం రెండు ముద్దలు తిని లేచేవాడు. అది చూసి ఈమెకు పాపభయం పట్టుకుంది. ఆమె కంచమూ అట్లాగే మిగిలిపోయేది. నాలుగో రోజు సాయంత్రం నేను నల్లా దగ్గర బకెట్టు పెట్టి నిలబడి ఉండగానే, ఆమె వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"నీకొక మాట చెప్పాలె. నిన్ను నేనే ఓడగొట్టిన," అంది. "వీపు తిప్పితెనే జోరుగ ఉరికిన మొదలు. టీచరమ్మ గడియారం వట్టిననాడు కావాల్నని మెల్లగ ఉరికిన. నువ్వు దాని కాడికి పోతవని గట్ల జేసిన. కొడితె కొట్టు, తిడితె తిట్టు."

నా బకెట్టు నిండి పొర్లుతోంది. నల్లా కట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

దుర్గయ్యకు కోపం రాలేదు. "నాకెర్కనే," అన్నాడు.

"ఏందెర్క?"

"నువ్వు ఆగి ఆగి ఉరికినవని. కాళ్లు జూసుడే గదా నా పని. తెల్లారి రోజీతోని గూడ జూసిన. వీపు తిప్పితె రెండు సెకండ్లు తక్కువ వచ్చింది. నాలుగుసార్లు జూసిన, నాలుగుసార్లు గంతే."

"మల్ల? మల్ల ఆనాడు ఎందుకు తిప్పలే?"

"తిప్పుదామనే పోయిన. గొట్టం కాడికి పోయినంక, గిదే ఆఖరి ఉరుకుడైతదేమో అనిపిచ్చింది. బయటికొచ్చేటప్పుడు అది చెవులు నిక్కవెట్టి నా కోసం జూస్తది. వీపు తిప్పితె దాని మొకం కనవడదు గద. ఓడితె ఓడిన, మొకం జూసుకుంటనే ఉరుకుదామనుకున్న. దానికి వీపు జూపెట్టబుద్ధి కాలేదు."

లోపలున్నది చెప్పేసరికి ఆయన బరువు దిగినట్టుంది. ఒళ్లు విరుచుకుని, వంటగది వైపు చూసి, "ఏం కూర వండినవ్? మస్తు ఆకలైతుంది," అన్నాడు.

కళావతి లేచి వెళ్లి వడ్డించింది. వడ్డించి నేరుగా నా గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"మొగనికి అన్యాలం జేసిన్నని నాలుగు రోజులు బువ్వ ముట్టకపోతి టీచరమ్మా," అంది. "నా అబద్ధంతోని గూడ ఆయనకు పనివడలే."

పక్క గదిలోంచి దుర్గయ్య, "ఏమే, ఇంకింత అన్నం వెట్టు," అని పిలిచాడు.

"గిన్నె ముందల్నే ఉంది, పెట్టుకో," అని కళావతి కూర్చున్న చోటి నుంచే అరిచింది.